తరగతిల ఉండిపోయిన గొంతు

నేను ఇంతకు ముందు ఏమీ రాయలేదు. నాలుగో తరగతి కాడ బడి మానిపిచ్చిండ్రు. సంతకం చేసుడు తప్ప కలంతోని నాకు పని పడలే. తప్పులుంటే దిద్దుకొని చదువుండ్రి.

మాది లక్సెట్టిపేట. పొద్దున లేస్తే బీడీల చాట ఒళ్లో పెట్టుకునుడే నా పని. ఆకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. కరోనాల బడులు మూతపడ్డప్పుడు నా బిడ్డ లిడియా నా పక్కన గోడకు ఆనుకొని ఫోన్ల పాఠాలు వింటుండె. మా ఇంటాయన సామ్యూల్ ఇటుక బట్టీకి పోతు పోతు ఫోన్ దాని చేతిల పెట్టి పోతుండె.

మా వాకిట్ల బీడీలు చేసే ఆడోళ్లు ఊకుంటరా? ఆ లొల్లంత తరగతి మొత్తానికి వినబడుతుండె. "ఎవరింట్లనమ్మా గీ అంగడి? లిడియా, నీ మైకు బందు పెడ్తున్న" అనేటోడు సదానందం సారు. ఆఖరి రోజు గూడ గట్లనే బందు పెట్టిండు, మల్ల తెరువక ముందే తరగతి మూసిండు. పిల్లలందరు బయటికొచ్చిండ్రు. లిడియా గూడ వచ్చింది. దాని గొంతు రాలే. లోపల్నే ఉండిపోయింది.

ఎవరూ వింతపడలే. డాక్టరు నోట్లకు టార్చి కొట్టి చూసి, "గొంతు ఈడ లేదమ్మా, ఫోన్ల ఉంటది" అని పంపిండు.

చర్చిల పాట ఎత్తుకునేదే మా లిడియా. ఇప్పుడు వట్టి పెదవులు ఆడిస్తది. బడులు తెరిచినంక పిల్లలు ఎక్కిరిస్తే పోవుడు బందు చేసింది. నా పక్కన ఇంకో చాట పెట్టుకున్నది. నా కన్న సక్కగ చుడుతది. అది చూసినప్పుడల్లా నా పానం సగమైతది.

పెద్దసారు కాడికి పోయి నిలబడ్డ. "సోమవారం తోలుకరా బుచ్చవ్వా. నోరు తెరిచి ఒక పాఠం చదివితే పదో తరగతిల కూసోవెడ్త. లేకుంటే నేనేం చేస్త చెప్పు" అన్నడు.

పక్కింటి చంద్రవ్వ తంబాకు చెరుగుకుంట, "గింతదానికి ఫికరేందే? మా మనుమనికి గిట్లనే కాలేదా? మా ముసలోని గొంతు లోపల పెట్టి పోరనిది తీసుకున్నం. తరగతి ఖాళీగ ఉండదట. ఒకలు పోతెనే ఒకలొస్తరు" అన్నది.

"ముసలాయన ఏమనలేదా అక్కా?"

"ఇంకేమంటడే, గొంతే లేకపాయె!"

అందరు పడి పడి నవ్విండ్రు. "బుచ్చవ్వ గొంతు ఫోను తీసుకోదు. దానికి వినబడాలె గద!" అన్నది ఎదురుంగ బీడీలు చుట్టే లింగవ్వ. నేను గూడ నవ్విన. నిజమే, నా మాట పక్క చాట దాక గూడ పోదు.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చినంక ఫోన్ల పాత తరగతి నొక్కిన. తెరుచుకున్నది. సారు లేడు. పిల్లల గడులన్ని ఖాళీ. ఒక్క గడిల లిడియా పేరు, మైకు మీద ఎర్ర గీత.

ఏం మాట్లాడాలెనో తెలువలే. సామ్యూల్‌కు చెప్పాలనుకున్నయి, మా అవ్వకు చెప్పాలనుకున్నయి, ఇన్నేండ్లు అన్ని గొంతులనే దాసుకున్న. అయి గూడ పోతయి గావచ్చు అనుకున్న. "బిడ్డా, నువ్వు బయటికి రా" అన్న. గంతే. ఎర్ర గీత పోయింది.

పక్కన కూసున్న లిడియా తలెత్తి "అవ్వా" అన్నది.

"ఓ" అందామని నోరు తెరిచిన. రాలే.

"అవ్వా! పలుకవేందే అవ్వా!" అనుకుంట నన్ను పట్టి ఊపింది. అది గొంతెత్తి ఏడ్చింది. నేను ఏడ్చింది ఎవరికీ వినబడలే.

తెల్లారింది. లిడియా సంచి వేసుకొని వాకిట్ల నిలబడి "పోయొస్త అవ్వా" అన్నది. మా తాన ఇంట్లకెల్లి "పోయిరా బిడ్డా" అని వినబడందె పిల్లలు గడప దిగి కదలరు. పుట్టినప్పటి సంది అలవాటు. అది నిలబడే ఉన్నది. "పోయొస్తనే అవ్వా" అన్నది మల్ల. నేను చెయ్యి ఊపిన. కదలలే. సంచి భుజం మీదికెల్లి జారిచ్చింది. మూలకున్న తన చాట దిక్కు చూసింది.

కత్తెర అందుకొని నా చాట అంచు మీద కొట్టిన. టక్, టక్. అది నా మొఖం దిక్కు చూసింది. మల్ల కొట్టిన.

సంచి ఎత్తుకొని పోయింది. మలుపు తిరిగిందాక కొడ్తనే ఉన్న.