గునుగు పూల పాదం

లాక్‌డౌన్‌తో సూరత్‌లో మగ్గాలు ఆగి నలభై రోజులైంది. లింబాయత్‌లోని మా గదిలో ఇద్దరమే మిగిలాం, నేనూ సోమలింగం మామా. మగ్గం చప్పుడు లేకపోతే ఆయనకు నిద్ర పట్టదు. ఆ ఖాళీలో పాత పద్యం ఒకటి బయటికి తీశాడు.

పదో తరగతిలో మా ఊరి వాగు మీద ఆయన ఉత్పలమాల రాస్తే, గణాలు తప్పాయని నర్సింగం సారు కాగితం తిరిగిచ్చాడట. ఆ తర్వాత బడి లేదు, సూరత్ రైలే. ముప్పై ఐదేళ్లుగా మగ్గం దెబ్బ మీద ఆ పద్యాన్ని దిద్దుకుంటూనే ఉన్నాడు. సారుకిప్పుడు ఎనభై దాటాయి. మా ఊరివైపు కూడా కరోనా వచ్చిందని విన్నప్పటి నుంచి మామకు ఒకటే తొందర.

“రఘుపతీ, డిగ్రీ సదివినవు గద. జర సూడు. సారుకు పంపాలె.”

గురువు, లఘువు ఎట్లా గుర్తించాలో చెప్పాను. ఆయన మగ్గానికి డిజైను అట్ట మీద చిల్లులు కొట్టినట్టు, గళ్ల కాగితం మీద గురువుకు చుక్క, లఘువుకు ఖాళీ గడి వదులుతూ పోయాడు. మూడు వరుసలు ఇరవై గళ్లకు ఆగాయి. నాలుగోది ఇరవై ఒకటి.

“గిదేందిరా? దెబ్బకు సరిగ్గనే వస్తది గద.”

“వస్తది మామా. వానలు, సోనలు, మేనులు అని మూడు పాదాలు గురువుతోని లేచినయి. నాలుగోది గునుగులు. ఒక గురువు ఉండేకాడ రెండు లఘువులు పడ్డయి. చెవికి తెల్వదు.”

“అయితే?”

“కానుగ అను. ప్రాస నిలుస్తది, గళ్లు ఇరవై అయితయి.”

మార్చి చదివాడు. ఎక్కడా పోగు తప్పలేదు. అయినా మొహం విచ్చుకోలేదు.

“కానుగ ఎండకాలం పూస్తది. వాన వెలిసినంక వాగొడ్డున కానుగ పూలేడియిరా? బతుకమ్మకు మా అవ్వ మోకాటి బురదల దిగి తెంపింది గునుగు. సారు సుత ఆ వాగు దాటే బడికొచ్చేది.”

“పోగు తప్పిన తాను సేటుకు సూపెడ్తవా?” అని దెప్పాను. ఇన్నేళ్లలో ఆయన నేసిన తాను ఒక్కటీ తిరిగి రాలేదు.

మామ కానుగ కొట్టేసి మళ్లీ గునుగులు రాశాడు. ఫోన్లో పద్యం చదివి పంపాడు.

మర్నాడు పొద్దున ఫోన్లో సారు మాట వచ్చింది. “సోమలింగం, నాలుగో పాదం ఇరవై ఒక్క అక్షరాల చంపకమాలల పడ్డదిరా. తెలిసే పంపినవా? అప్పుడు నేను గీత కొట్టింది గూడ గీ మాటనే. ఉండనియ్యి. ఈయేడు గునుగు పూస్తే నేనే ఫోను జేస్త.”

మామ ఫోను ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో గచ్చు మీద మగ్గం దెబ్బ కొట్టడం మొదలుపెట్టాడు.