సారకోస్తమ్మ కాళ్ళు

కాలం ఆగదన్న సంగతి పిల్లలకు చిన్నప్పుడే చెప్పాలని మా ఆవిడ గారిఫల్యా నమ్మకం. ఆలస్యం చేస్తే నాలాగా తయారవుతారట.

అందుకే ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలైన సోమవారం, మనవరాలు ఆర్గిరోను పక్కన కూర్చోబెట్టుకుని ఉప్పు కలిపిన పిండితో సారకోస్తమ్మను చేసింది. నక్సోస్ దీవిలో మా కొండమీది ఊళ్ళో ఇది పాత అలవాటే. ఆ పిండిబొమ్మకు నోరుండదు, ఉపవాసం కదా. చేతులు ప్రార్థనలో ముడుచుకుని ఉంటాయి. కాళ్ళు మాత్రం ఏడు. ప్రతి శనివారం ఒక కాలు కోసేస్తాం. కాళ్ళన్నీ అయిపోతే పండగ.

"చూడు బంగారం, కోసిన కాలు మళ్ళీ మొలవదు. పోయిన వారం మళ్ళీ రాదు," అంది గారిఫల్యా.

ఆర్గిరోకు అయిదేళ్ళు. "నోరు లేదుగా, మరి కాలు కోస్తే ఎలా ఏడుస్తుంది?" అంది.

నేను చర్చిలో కీర్తనలు పాడేవాణ్ణి. ఇలాంటివాటికి నా దగ్గర జవాబు ఉండాలి. పొయ్యిలో కట్టెలు సర్దడానికి లేచాను.

ఆ వారమే పండక్కని ఒక మేకపిల్లను తెచ్చి పెరట్లో కట్టేశాను. మా దగ్గర దాని పొట్టలో ఆకుకూరలూ బియ్యమూ కూరి పొయ్యిలో పెడతారు. అమ్మానాన్నలు కింద రేవులో బేకరీ పనికి పోతే ఆర్గిరో పగలంతా మా ఇంట్లోనే ఉంటుంది. తన ఎర్ర రిబ్బను దాని మెడకు కట్టి, 'బిషప్' అని పేరు పెట్టింది.

"తప్పు కదమ్మా, అలా పిలవొచ్చా?" అన్నాను.

"గొంతు విను తాతా."

మేకపిల్ల అరిచింది. అచ్చం మా బిషప్ కీర్తన ఎత్తుకున్నట్టే ఉంది.

మొదటి రెండు శనివారాలూ బాగానే గడిచాయి. మూడోసారి కాలు కోసిన మర్నాడు చూస్తే కోసిన కాలు ఎప్పట్లాగే మళ్ళీ ఉంది.

"నిన్న కోశానన్నావు!" అంది గారిఫల్యా.

"కోశానే."

"కళ్ళజోడు పెట్టుకుని కోశావా?"

తరవాతి వారం ఆవిడే స్వయంగా కోసింది. ఆదివారానికి కాలు మళ్ళీ మొలిచింది. పక్కింటి ఎవ్దోకియా చూసి, శిలువ గుర్తు వేసుకుని, "అద్భుతం!" అని వీధంతా వినపడేలా అరిచింది. సాయంత్రానికి మా వంటింట్లో కాలుపెట్టే చోటు లేదు. ఒకావిడ బొమ్మ ముందు కొవ్వొత్తి కూడా వెలిగించింది. నిజం చెప్పొద్దూ, నేనూ కాస్త నమ్మాను. ఇన్నేళ్ళు పాడినందుకు దేవుడు మా వంటింటి దాకా వచ్చాడేమో అనుకున్నాను.

ఫాదర్ ప్రోకోపిస్ వచ్చి, కొత్త కాలిని వేలితో నొక్కి చూశారు. మిగతా కాళ్ళు ఎండి రాయిలా ఉన్నాయి, ఇది మాత్రం మెత్తగా లోపలికి పోయింది.

"అమ్మా, నెల రోజులుగా చిక్కుడుగింజలు తింటున్నాను. ఉపవాసం పొడిగించే అద్భుతం దేవుడు చెయ్యడు. నా మీద పగ ఉంటే తప్ప," అన్నారు.

అందరూ నవ్వారు. ఆర్గిరో ఒక్కతే నవ్వలేదు. దాని కనుబొమ్మ మీద పిండి ఉంది.

జనం వెళ్ళిపోయాక పెరట్లోకి వెళ్ళాను. ఆర్గిరో మేకపిల్లను వాటేసుకుని కూర్చుంది.

"కాళ్ళన్నీ అయిపోతే బిషప్‌ని కోస్తారు. అందుకే అతికించాను," అంది. "ఒక్క కాలు ఉన్నా కొయ్యరుగా?"

అబద్ధం చెబితే పాపం, నిజం చెబితే అంతకన్నా పాపంలా ఉంది. అంతలో మేకపిల్ల దగ్గింది. మెడకు రిబ్బను బిగుసుకుపోయి ఉంది. ముడి విప్పుదామంటే నా వేళ్ళకు లొంగలేదు.

"మొన్న వదులుగానే కట్టావు కదా?" అన్నాను.

"నేను ముట్టుకోలేదు తాతా! ఒట్టు!"

"నువ్వు కాళ్ళు అతికిస్తున్నావు సరే. దీని మెడకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అది పెరుగుతూనే ఉంది."

ఆర్గిరో మేకపిల్ల మెడ చూసింది. తరవాత తన కాళ్ళకేసి చూసుకుంది. "నా బూట్లు కూడా బిగుతుగా ఉన్నాయి," అంది. "నీకేం బిగుతవుతాయి తాతా?"

"నాకన్నీ వదులవుతాయి తల్లీ. ప్యాంటూ, పళ్ళూ."

వంటింట్లోంచి కత్తెర తెచ్చింది. రిబ్బను తనే కత్తిరించింది. ఆపైన లోపలికి పోయి, అతికించిన కాళ్ళు రెండూ తనే కోసేసింది. ఆ తరవాత ఎన్నడూ అతికించలేదు. దాంతో నా ప్రాణం ఇంకా ఇరకాటంలో పడింది. అయిదేళ్ళ పిల్లకు కాలం పోతుందని నేర్పడానికి మనకెందుకంత తొందర అని దేవుణ్ణి అడిగాను.

పండగ ముందటి శనివారం వచ్చింది. ఆఖరి కాలిని ఒక ఎండు అంజీరలో దాచి, పళ్ళెంలో మిగతా అంజీరలతో కలుపుతారు. అది ఎవరికి దొరికితే వాళ్ళకు ఏడాదంతా అదృష్టం. అంజీరలు తినగానే నేను కత్తి పట్టుకోవాలి.

గారిఫల్యా పళ్ళెం తిప్పి, "ఇదిగో, ఈ లావుపాటిది తీసుకో," అంది ఆర్గిరోతో.

ఆర్గిరో దాన్ని తినకుండా పెరట్లోకి తీసుకుపోయి మేకపిల్లకు పెట్టింది, వీడ్కోలుకని. మేము మా అంజీరలు కొరికాం. ఎవరికీ ఏమీ తగల్లేదు. పెరట్లోంచి కరకరమని నమిలే శబ్దం వచ్చింది.

ఆర్గిరో గుమ్మంలోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏడాదంతా అదృష్టం అన్నారు. కోసేస్తే అదేం అదృష్టం?"

నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ ఇంటికప్పు వైపు చూసింది. ఆ పళ్ళెం గురించి నేను ఇంతవరకూ అడగలేదు.

పండక్కి కోడిపులుసు తిన్నాం. ఎవ్దోకియా ఇప్పటికీ అది తలుచుకుని నవ్వుతూనే ఉంది.

ఈ ఏడు మళ్ళీ సారకోస్తమ్మను చేశాం. బిషప్‌కు కొమ్ములొచ్చాయి, గడ్డం వచ్చింది, నన్ను రెండుసార్లు కుమ్మింది. ఫాదర్ ప్రోకోపిస్ గోడ అవతలి నుంచే దీవిస్తున్నారు. అదృష్టం గడువు తీరబోతోందని గుర్తుచేద్దామని ఆర్గిరోను పిలిచాను.

"తెలుసులే తాతా," అంది కొత్త బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. "కానీ ఇంత వయసొచ్చాక దాన్నెవరు నమలగలరు? నీకు పళ్ళు కూడా వదులు కదా?"