కోయని కాజాలు

పెళ్లయిన కొత్తలో అన్నీ ముచ్చటే. ఆ ఏడు క్రిస్మస్‌కి ఎలక్ట్రీషియన్ మొగుడు సంచెడు రంగు బల్బులు తెచ్చి, తమ కిటికీ నుంచి ఎదురుగా ఉన్న బ్రెడ్డు దుకాణం దాకా తాడుకి వేలాడదీశాడు. గాలి వీచినప్పుడల్లా అవి ఒకదానికొకటి కొట్టుకుని టప్పుమని పగిలేవి. అతను నిచ్చెన మీద తల పట్టుకుంటే, మిషన్ తొక్కుతున్న కొత్త పెళ్లాం పడీపడీ నవ్వింది. మీ చొక్కా గుండీలు గాలికి ఊడిపోతున్నాయా అని అడిగింది. ఆ పూటే కాన్వాసు గుడ్డతో పొడుగాటి పట్టీ కుట్టి, గుండీలకి తీసినట్టే జానెడుకొక కాజా తీసింది. ఒక్కో కాజాలో ఒక్కో బల్బుని మెడదాకా దూర్చారు. ఇక ఒక్కటీ కదిలితే ఒట్టు. వీధివాళ్లంతా కుర్చీలు తెచ్చుకుని ఆ వెలుగు కింద కూర్చున్నారు.

మరుసటి ఏడు పక్క వీధి, ఆ తర్వాత ఊరంతా. ఇది పదో ఏడు. పట్టీలన్నీ ఇప్పటికీ ఆమే కుడుతుంది.

దీపాలు కట్టే రోజు ఉదయం బ్రెడ్డు దుకాణం పెద్దమ్మ, కళ్లజోడు మరిచిపోయానంటూ వేడుకల కమిటీ అచ్చేసిన కాగితం తెచ్చి ఆమెని చదవమంది. పైన మొగుడి ఫొటో. ఈ వేడుకకి ఆద్యుడట. చొక్కా తొడుక్కుంటూ గుండీలు చూసుకుంటే ఆలోచన తట్టిందట. ఆమె ఊసే లేదు. చదవడం ఆపి, కాగితం మడిచి మిషన్ పక్కన పెట్టింది. పేరు పోతే పోయింది, ఆ మొదటి సాయంత్రం తమ ఇద్దరిదీ కదా.

భోజనానికొచ్చిన మొగుడు కాగితం చూసి పక్కకి జరిపాడు.

"ఎవరి పేరైతే ఏంటే? మనిద్దరం ఒకటే కదా."

"ఒకటే అయితే నా పేరే చెప్పాల్సింది."

"సరేలే, సాయంత్రం అందరి ముందూ చెప్తా."

కూడలికి కట్టే పట్టీ అప్పటికి మిషన్ మీదే ఉంది. కాజా చుట్టూ కుట్టు వేశాక మధ్యలో కోస్తేనే అది తెరుచుకుంటుంది. ఆమె కుట్లన్నీ పూర్తిచేసి, ఒక్కటీ కోయకుండా మడతపెట్టి పంపేసింది. చిన్న కత్తెర సంచిలో వేసుకుంది. ఇది మా ఆవిడ పని, ఆమెని అడగండి అని అతను ఒక్క మాటంటే చాలు, తనే వెళ్లి కోసిపెడుతుంది.

పొద్దు వాలింది. నిచ్చెన మీద అతను బల్బు దూర్చబోయాడు. దూరలేదు. తిప్పాడు, నొక్కాడు. ఇన్నేళ్లుగా కోసిన కాజాలే చేతికొచ్చాయి మరి. జనం తలలెత్తి చూస్తున్నారు. అతను ఆమె వైపు చూశాడు. ఆమె చెయ్యి సంచిలో కత్తెర మీద ఉంది.

"మా ఆవిడ ఏదో పొరపాటు చేసినట్టుంది," అన్నాడు జనంతో.

అందరూ నవ్వారు. ఆమె కత్తెర వదిలేసి చెయ్యి సంచిలోంచి తీసేసింది.

"అదేంటయ్యా," అంది పెద్దమ్మ తాపీగా. "కాజా కుట్టాక కోయాలని తెలీదా? కనిపెట్టినవాడివి."

ఈసారి నవ్వు అటు తిరిగింది. అతను దిగొచ్చి, తల పైకెత్తకుండానే చెయ్యి చాపాడు.

"కత్తెర ఇవ్వవే."

ఇచ్చింది. "కుట్టు తెగకుండా కోయండి, తెగితే బల్బు నిలవదు," అని మాత్రం చెప్పి ఇంటిదారి పట్టింది.

మలుపు దాటుతుండగా వెనకాల టప్పుమని ఒక బల్బు పగిలింది. కాసేపటికి ఇంకొకటి.

ఆమె వెనక్కి తిరగలేదు. నవ్వనూ లేదు.