కెమెరాకు అడ్డంగా

సుహాసిని మేడం మా బడి గ్రౌండులో వ్యాను దిగగానే నేను మొదట చూసింది ఆమె చెవి. అందులో నల్లటి చిన్న మిషన్ ఉంది. ఆమె ఒక్కతే నిలబడి, "సరే, సరే, అమ్మాయిల్ని చూపిస్తా" అంటోంది. ఎదురుగా ఎవరూ లేరు.

"ఎవరితోని మాట్లాడుతుందే?" అంది పక్కనున్న నవ్య.

నాకూ అదే అనుమానం.

ఆటల ఛానెల్ వాళ్లు మండల కబడ్డీ జట్టు ఎంపికను తీయడానికి వస్తున్నారని మా పీఈటీ సాయన్న సార్ ముందే చెప్పాడు. నేను ఇంట్లో ఆ మాట చెప్పినప్పుడు నాగేశ్ అక్కడే ఉన్నాడు. నాగేశ్ విత్తన పత్తి ఆర్గనైజర్. కంపెనీ తరఫున మా ఊరి రైతులకు విత్తనం పండించే ప్లాట్లు, అంటే ఒప్పందాలు, ఇచ్చేది అతనే. మాకూ ఒకటి ఇచ్చాడు.

"ఆటల టీవీ మన గట్టు మండలానికెందుకొస్తది ఎస్తేరక్కా?" అన్నాడు మా అమ్మతో. "ఆటల పేరు చెప్పి, చేన్ల పని చేసే పిల్లలను తీయనీకి వస్తుండ్రు. పక్క మండలంల గిట్లనే ఎవరో ఫోటో తీసిండ్రు, కంపెనీ ఆ ప్లాటే రద్దు చేసింది. నీ బిడ్డ గోరు టీవీల వడ్డదనుకో, నేనేం చేయలేను."

గోరంటే నా కుడి బొటనవేలి గోరు. పత్తి పూలను క్రాసింగ్ చేసే రోజుల్లో మా ఊరి ఆడపిల్లలకు ఆ ఒక్క గోరే పొడుగ్గా ఉంటుంది. బడి నుంచి వచ్చాక పత్తి మొగ్గను ఆ గోటితో చీల్చి, లోపలి కేసరాలు గిల్లి తీసేయాలి. తెల్లారి మగపువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. గోరు లేకపోతే మొగ్గ నలిగిపోతుంది.

"గోరు తీయకు. ఇంకా మొగ్గ ఆగలే" అంది అమ్మ. "సార్‌ను బతిమాలుకో, గుడ్డ సుట్టుకొని ఆడనిస్తడు. టీవోళ్లకు మాత్రం చేతులు సూపకు."

అందుకే మేడం మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి పేర్లు అడిగినప్పుడు నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఇన్నేళ్లూ నేను ఆ వ్యానులోనే కూర్చున్నా" అంది మేడం. "నేను ప్రొడ్యూసర్ని. బయట నిలబడి మాట్లాడే యాంకర్ల చెవిలో నేనే చెప్పేదాన్ని. ఇప్పుడు నవ్వు, ఇప్పుడు స్కోరు చెప్పు అని. ఇప్పుడు నేనే యాంకర్ని. లోపలి నుంచి రంజిత్ నాకు చెప్తాడు." చెవిలోని మిషన్‌ను వేలితో చూపించింది.

"లోపల్నే ఉండకపోయినరా మేడం? ఎండ తగలకపోతుండె" అంది నవ్య. అందరూ నవ్వారు.

మేడం కూడా నవ్వింది. "నా మాట నేనే చెప్పాలనిపించింది. ఇది రెండో ఎపిసోడ్. మొదటిది చూసి మా ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. నేను యాంకర్లకు నేర్పే మొదటి పాఠం ఏంటో తెలుసా? ఏం మర్చిపోయినా పర్లేదు, కెమెరాకూ ఆడే మనిషికీ మధ్యలోకి మాత్రం రావద్దు."

మాట్లాడుతున్నంతసేపూ ఆమె కళ్లు మా చేతుల మీదే ఉన్నాయి. మంచినీళ్ల సీసా అందుకోవడానికి నేను చెయ్యి చాపాను. అంతే.

"రజితా, ఆ ఒక్క గోరే ఎందుకు పెంచావు?"

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"మా దగ్గర గదే ఫ్యాషన్ మేడం" అంది నవ్య.

ఈసారి మేడం నవ్వలేదు. చెవి మీద చెయ్యి పెట్టుకుని ఏదో వింది. వ్యాను తలుపు తెరిచే ఉంది. లోపలి నుంచి రంజిత్ గొంతు నాకూ వినపడింది.

"ఆ గోరు దగ్గరగా కావాలి మేడం. కబడ్డీ కన్నా అదే పెద్ద స్టోరీ. సార్ గోళ్లు చూసేటప్పుడు పట్టేద్దాం."

నాగేశ్ చెప్పింది నిజమే.

ఎంపికకు ముందు సాయన్న సార్ మమ్మల్ని వరుసలో నిలబెట్టి గోళ్లు చూస్తాడు. కబడ్డీలో ఎవరినీ గీరకూడదు. సార్ నా దగ్గరికి వచ్చేసరికి కెమెరా కూడా వచ్చేసింది.

"సార్, గుడ్డ సుట్టుకుంట" అన్నాను మెల్లగా.

"ప్రాక్టీసుల నడిచింది బిడ్డా, ఇయ్యాల నడ్వది. తీస్తవా, పక్కకు కూసుంటవా?" అని నెయిల్ కట్టర్ నా చేతిలో పెట్టాడు.

తీస్తే ఆ గోరు కెమెరాలో పడుతుంది, మా ప్లాటు పోతుంది. తీయకపోతే జిల్లా పోటీలకు గద్వాలకు వెళ్లే జట్టులో నేనుండను. ఎండలో కట్టర్ వేడెక్కి ఉంది. ఎటూ తేల్చుకోలేక దాన్ని పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు మేడం మైకు పట్టుకుని మా మధ్యలోకి వచ్చింది. వచ్చి, కెమెరాకు వీపు పెట్టి సరిగ్గా నా ముందు నిలబడింది.

"సార్, ఈ గ్రౌండుకు మట్టి ఎక్కడి నుంచి తెస్తారు?" అని అడిగింది.

"మట్టా? ఈడిదే మేడం" అన్నాడు సార్ అయోమయంగా.

కెమెరా అతను ఎడమకు జరిగాడు. ఆమె కూడా ఎడమకు జరిగింది. వ్యానులోంచి రంజిత్ అరుస్తున్నాడు. "అడ్డం మేడం! తప్పుకోండి!"

నేను గోరు తీసేశాను. కింద పడ్డ ముక్కను కాలితో మట్టిలోకి తొక్కాను.

"అయ్యో, అడ్డమొచ్చానా? కొత్త కదా" అంది మేడం, పక్కకు జరుగుతూ. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ రోజు నేను బాగా ఆడాను. జట్టులో నా పేరు వచ్చింది.

సాయంత్రం చేనులో నా వేలు చూసి అమ్మ నన్ను కొట్టలేదు. మొగ్గల పని తాను తీసుకుని, తెల్లారి పుప్పొడి రుద్దే పని నాకిచ్చింది. దానికి గోరు అక్కర్లేదు. అయినా, టీవీలో వచ్చేదాకా అమ్మకు అన్నం సహించలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక నాగేశ్ దుకాణంలో అందరం టీవీ చూశాం. నా రైడు వచ్చింది. గోరు ఎక్కడా రాలేదు. మేడం రెండుచోట్ల మాట తడబడింది.

"ఈమెకు మాట్లాడొస్తలేదు, ఏం రాదు. ఎవరు పెట్టిండ్రు ఈమెను?" అన్నాడు నాగేశ్. అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను.

ఇంటికి వచ్చే దారిలో గ్రౌండులో జరిగిందంతా అమ్మకు చెప్పాను. మేడం నేర్పే మొదటి పాఠం సంగతి కూడా చెప్పాను.

అమ్మ నడక ఆపి, "ఊకెనే ఎవరు చేస్తరే? మనతోని ఏం పని వడ్డదో ఆమెకు" అంది.

"తెల్వదమ్మా."

"గద్వాలకు గూడ వస్తదా?"

"వస్తనన్నది."

అమ్మ నా చెయ్యి తీసుకుని బొటనవేలు తడిమి చూసింది. గోరు అప్పుడే కొంచెం పెరిగింది.

"పొయ్యేముందు ఇంట్లనే తీసుకొని పో" అంది. "మంచిగ ఆడు. గానీ ఆమె కనవడితే చేతులు ఎనకకు పెట్టుకో."