ఏడో మెట్టు

"మెట్లు లెక్కపెట్టడానికి డ్రోనెందుకే నీకు?" అని అక్క ఫోన్లో దెప్పేసరికి చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది. అలలకు ఇళ్లు కొట్టుకుపోకుండా లారీలతో గులకరాళ్లు తెచ్చి పోసిన తీరం అది. ఆరు నెలలకోసారి దాని మీద డ్రోన్ ఎగరేసి, రాళ్లు ఎంత తగ్గాయో కొలిచేది తనే. తీరం వెనక మొదటి ఇల్లు అక్కది.

"రాళ్లెక్కడికీ పోలేదక్కా. మ్యాపు చూసే చెబుతున్నా."

"మీ మ్యాపు సంగతి నాకు తెలీదు. మా ఇంటి ముందు గోడ మీంచి తీరంలోకి దిగే మెట్లు, రాళ్లు పోసిన కొత్తలో మూడే పైకి కనిపించేవి. ఇవాళ ఏడు. మీ బావ దిగబోయి కాలు బెణికించుకున్నారు."

అక్క నోరు మూయించాలనే బండి తీసింది. వెళ్లి చూస్తే నిజంగానే ఏడు. ఏడో మెట్టు ఎండ మొహం చూడనట్టు తెల్లగా ఉంది. పక్కనే రాళ్లలో తన గుర్తు పలకలు నాలుగూ దిగబడి ఉన్నాయి. డ్రోన్ ఫొటోల నుంచి రాళ్ల ఎత్తు లెక్క కట్టేది ఆ పలకలను బట్టే. వాటిని కదలని గోడ మీద పెట్టాలి.

"ఏ వెధవ పెట్టాడు వీటినిక్కడ?" అని పైకే తిట్టింది. తిట్టాక గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం, ఈదురుగాలిలో గోడ ఎక్కలేక, ఒంటి బద్ధకంతో తనే పెట్టింది. ఆ తర్వాత ప్రతి సర్వేలోనూ పలకలకు మొదటి రోజు కొలిచిన ఎత్తులే వేసింది. రాళ్లతో పాటు పలకలూ కుంగాయి. పలకలు కదల్లేదనుకుని కంప్యూటరు తీరాన్ని పాత ఎత్తుకే లేపి చూపించింది. సిగ్గుతో, కోపంతో ఒళ్లు మండిపోయింది.

పలకలను గోడ మీదికి మార్చి, వాటి ఎత్తులు కొత్తగా కొలిచి, మళ్లీ ఎగరేసింది. ముప్పావు మీటరు మేర రాళ్లు పోయాయి.

ఆఫీసులో ఇంజనీరు తల పట్టుకున్నాడు. "ఈ సంవత్సరం రాళ్లు పోయక్కర్లేదని నిన్ననే సంతకం పెట్టానమ్మా. డ్రోన్ పాడైందని రాసేద్దాం. వచ్చే సర్వేలో సర్దుకోవచ్చు."

"వచ్చే సర్వే ఆరు నెలలకి. తుఫాన్లు వచ్చే నెలకి. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా సార్? డ్రోన్ బంగారంలా ఉంది. పాడైంది నా బుద్ధి."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనీండి. ఆ ఇళ్లలో వాళ్లు పోకూడదుగా."

పలకలు రాళ్ల మీద పెట్టింది తానేనని, రాళ్లు వెంటనే పోయాలని రాసి, ఆయన చూస్తుండగానే పైవాళ్లకు పంపేసింది. తర్వాత అక్కకు ఫోన్ చేసింది.

"నువ్వన్నదే నిజమక్కా. తప్పు నాదే. రాళ్లు పోసేదాకా మా ఇంటికొచ్చేయండి."

అక్క ఈసారి దెప్పలేదు. మెల్లగా అంది.

"పోయినేడు మీ బావ ఇల్లు ఖాళీ చేద్దామన్నారే. 'మా చెల్లెలు కొలిచి చెప్పిందండీ, మన కళ్లే తప్పు చూస్తున్నాయి' అని ఆయన్ని ఆపింది నేనే."