కోయని పండు

జూ పార్కులో కొమ్ముపక్షుల జంట పేరుకే జంట. మగది పంజరంలో ఈ కొసన కూర్చుంటే ఆడది ఆ కొసన కూర్చునేది. మగది కాస్త దగ్గరకు జరిగిందంటే ఆడది ఎగిరి ఎదుటి కొమ్మ ఎక్కేది. రెండిటికీ ముక్కు మీద టోపీ పెట్టినట్టు పసుపు కొమ్ము ఉంటుంది. మగదాని కళ్లు ఎరుపు, ఆడదానివి తెలుపు. గుర్తుపట్టడానికి అంతకన్నా ఆనవాలు అక్కర్లేదు. వాటి ఆలనా పాలనా చూసే కోడలు మాత్రం ఈ కాపురం ఎలా కుదర్చాలో తెలియక తల పట్టుకుని ఉంది.

పార్కులో అందరూ ఆమెను కోడలనే పిలుస్తారు. ఆమె అత్త అదే పార్కులో మేత తయారుచేసే వంటగదికి పెద్ద. అత్త ఉద్యోగంలో చేరేనాటికి కోడలు బళ్లో చదువుతోంది. ఇప్పుడు ఇద్దరూ పొద్దున్నే ఒకే బస్సు దిగి, ఒకే గేటు దాటి, లోపల చెరో దారిన పోతారు. ఇంట్లో వంట కోడలిది. అత్త ఇంట్లో కత్తి పట్టదు. రోజంతా కోసిన చెయ్యి ఇంటికొచ్చి కూడా కోయాలా అంటుంది.

కొమ్ముపక్షుల సంసారం తీరు వేరు. గుడ్లు పెట్టే కాలం రాగానే ఆడది చెట్టు తొర్రలోకి దూరి, మట్టీ తన రెట్టా కలిపి ద్వారాన్ని లోపలి నుంచి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. గుడ్లు పొదిగి పిల్లలు కాస్త ఎదిగేదాకా, నెలల తరబడి, అదే దాని జైలు, అదే దాని పురిటిగది. రెక్కల ఈకలు కూడా రాలిపోతాయి. బయటికొచ్చినా ఎగరలేదు. ఆ రోజులన్నీ మగది పండు తెచ్చి సందులోంచి అందిస్తేనే దానికి తిండి. అందుకే తలుపు మూసుకునే ముందు ఆడది మగదాన్ని పరీక్షిస్తుంది. మగది గొంతులో పండ్లు దాచి తెచ్చి, ఒక్కొక్కటే పైకి తీసి, ముక్కు చివర పెట్టి చాపుతుంది. ఆడది అందుకుంటే సంబంధం ఖాయం. తల తిప్పుకుంటే లేదు.

ఈ ఆడది రెండు సీజన్లుగా తల తిప్పుకుంటూనే ఉంది. మూడోది నడుస్తోంది.

పెద్దసారు కోడల్ని తన గదికి పిలిపించాడు. పార్కు మొత్తానికి ఆయనే అధికారి.

"నెలాఖరుకి వ్యాను వస్తుంది. ఆడదాన్ని పంపించేస్తున్నాం" అన్నాడు. "ఇంకో పార్కులో మగది ఒంటరిగా ఉంది. అక్కడైనా కుదురుతుందేమో చూద్దాం."

"సీజన్ ఇంకా ఉంది కదండీ."

"పోయినేడూ ఇదే మాట చెప్పావమ్మా. వీళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కుదరలేదని ఒప్పుకుంటే పోయేదేముంది?"

"వ్యాను వచ్చేలోపు తొర్రలోకి వెళ్తే?"

"వెళ్తే నేనే వ్యానుని వెనక్కి పంపిస్తాను. పో, దాన్ని తొర్రలోకి పంపించు చూద్దాం."

ఆయన వెటకారంగా అనలేదు. అదే కోడలికి ఎక్కువ బాధ కలిగించింది. ఆ ఆడదాన్ని పిల్లగా ఉన్నప్పుడు పెట్టెలోంచి తన చేత్తో దించింది ఆమే. దాని పక్కకు ఈ మగదాన్నే తేవాలని పట్టుబట్టిందీ ఆమే. ఇప్పుడు అది వెళ్లిపోతే మగది ఆ పంజరంలో ఒంటరిగా ముసలిదవుతుంది.

చేయగలిగినవన్నీ చేసింది. వడ్రంగి చేత దుంగను తొలిపించి గోడకు బిగించిన తొర్రను ఒకసారి ఎత్తు పెంచింది, ఒకసారి దిక్కు మార్పించింది. కింద తొట్టెలో మట్టిని రోజూ తడిపింది. జనం కనబడకుండా గోనెపట్టాలు కట్టించింది. గేటు దగ్గర కాపలా ఉండే విజిలన్న ఆ పట్టాలు చూసి నవ్వాడు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది కాబట్టి అతనికి ఆ పేరు.

"పిల్లని అడిగారా అసలు? మీరంతా కలిసి గదిలోకి తోసి తలుపేస్తే కాపురం చేస్తుందా?"

"నీకెందుకయ్యా, నీ గేటు నువ్వు చూసుకో."

"నా గేటుకేం, తెరిస్తే తెరుచుకుంటుంది, మూస్తే మూసుకుంటుంది. నీ పిల్ల అలా కాదుగా."

మగది ప్రయత్నించకపోలేదు. గిన్నెలోంచి బొప్పాయి ముక్కలు మింగి ఆడదాని దగ్గరకు వెళ్లేది. మెడ సాచి పైకి తీయబోయేసరికి ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని గుజ్జుగా వచ్చేవి. తల విదిలించేది. ముక్కును కొమ్మకేసి రాసుకునేది. ఆడది ఎగిరిపోయేది. కోడలు అది ఎన్నోసార్లు చూసింది. చూసి, ఈ ఆడదానికి పొగరు ఎక్కువ అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు.

ఒకరోజు అత్త పండ్ల గంప ఎత్తబోయి మణికట్టు బెణికించుకుంది. చెయ్యి వాచింది. కట్టు కట్టించుకుని ఇంట్లో ఉండిపోయింది. వంటగదికి మనిషి లేక మర్నాడు విజిలన్నను కూర్చోబెట్టారు. కోతుల గిన్నెలూ చిలకల గిన్నెలూ ఎలాగో నింపాడు. కొమ్ముపక్షుల గంప తెచ్చి కోడలి ముందు పెట్టాడు. అందులో మేడిపండ్లు, ద్రాక్షలు. ఒక్కటీ కోసి లేదు.

"ఇదేంటి? ముక్కలేవీ?"

"మీ అత్తగారి కత్తి చూస్తేనే నాకు వణుకు. వేళ్లు కావాలి నాకు. పండ్లు పండ్లలాగే తెచ్చాను. తింటే తింటాయి, లేకపోతే నేను తింటాను."

అప్పటికే ఆలస్యమైంది. కోడలు గొణుక్కుంటూ గంపను రెండిటి గిన్నెల్లోకీ ఒంపి బయటికొచ్చి గోనెపట్టా సందులోంచి చూసింది.

మగది దిగింది. మేడిపండు ముక్కుతో పట్టి, పైకి ఎగరేసి, గొంతులోకి జార్చుకుంది. ఇంకోటి. ఇంకోటి. మెడ ఉబ్బింది. ఎగిరి ఆడదాని కొమ్మ మీదే వాలింది. ఆడది రెక్క విప్పబోయింది. మగది మెడ సాచి ఒక పండును పైకి తెచ్చింది. అది గుజ్జు కాలేదు, చితకలేదు. ముక్కు చివరికి దొర్లించుకుని, అక్కడ ఆపి, చాపింది. అలాగే ఉంది.

ఆడది విప్పిన రెక్క ముడుచుకుంది. తల ఒక పక్కకు వంచి పండును చూసింది. రెండో పక్కకు వంచి మళ్లీ చూసింది. తర్వాత అందుకుంది.

మగది రెండో పండు తీసింది.

కోడలు విజిలన్న భుజం పట్టుకుని ఊపేసింది. అతను విజిల్ నోట్లో పెట్టుకోబోతే లాగేసింది. "ఊదావంటే చంపుతాను."

మర్నాడు అత్త వచ్చేసింది, కట్టు కట్టిన చేత్తోనే. ఎంత చెప్పినా ఇంట్లో ఉండలేదు. కోడలు వంటగదిలోకి వెళ్లేసరికి ఎడమచేత్తో బొప్పాయి తరుగుతోంది. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి.

"అత్తయ్యా, కొమ్ముపక్షులకి కోయొద్దు."

కత్తి ఆగింది. "ఏం?"

కోడలు చూసింది చూసినట్టు చెప్పింది. అత్త విన్నది. విని కత్తి మళ్లీ మొదలుపెట్టింది.

"చిలక గొంతులో టెంక ఇరుక్కుని నా చేతిలోనే పోయింది. అప్పట్నుంచి ఈ వంటగదిలోంచి కోయని పండు బయటికి వెళ్లలేదు. ఇన్నేళ్లలో నా కోత మీద ఒక్కళ్లు వేలెత్తి చూపించలేదు. నువ్వొచ్చావు ఇప్పుడు."

"మీ కోతలో తప్పు లేదత్తయ్యా. ఆ మగదానికి ముక్క పనికిరాదంతే."

"ఎవరికి కావాలో వాళ్లే చెప్పాలి. మగదాన్నే వచ్చి అడగమను."

"అది ఎలా అడుగుతుంది?"

"మరి నీకెలా చెప్పింది?"

మందుల పెట్టెతో అటు వచ్చిన పార్కు డాక్టరమ్మ గుమ్మంలో ఆగింది. కోడలు మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చింది. డాక్టరమ్మ మేడిపండు ఒకటి తీసి వేళ్ల మధ్య నొక్కి చూసింది.

"దీనికి గొంతు పెద్దదేనండీ, అడవిలో ఇంతకన్నా పెద్ద పండ్లే మింగుతుంది" అంది అత్తతో. "మీ భయం చిలకల విషయంలో నిజం. వాటికి కోస్తూనే ఉండండి. నాకూ ఇది తట్టలేదు. పండు పండులా ఉంటేనే కదా ఇచ్చినట్టు! నలిగిపోయింది ఇస్తే ఎవరు తీసుకుంటారు?"

అత్త కత్తి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, "నేను చూడాలి" అంది.

కోయని పండ్లు గిన్నెల్లో పోసి ముగ్గురూ పట్టా వెనక నిలబడ్డారు. మగది ఒక పండు తర్వాత ఒకటి తెచ్చింది. ఆడది కొన్ని అందుకుంది, కొన్ని వదిలేసింది. ఒకసారి మగదాన్ని చూపు మరల్చకుండా చూస్తూ ఊరుకుంది. మగది ముక్కున పండుతో అలాగే నిలబడింది.

"వాడి ఓపిక చూస్తోంది" అంది అత్త, గొంతు తగ్గించి. "పెళ్లికి ముందు మీ మావయ్య మా ఇంటికి గొడుగు తెచ్చాడు. మా నాన్న దాన్ని విప్పి పెరట్లో పెట్టి బకెట్టుతో నీళ్లు కుమ్మరించాడు, కారుతుందేమో చూద్దామని. ఈయన పక్కనే నిలబడ్డాడు తడిసిపోతూ."

"కారిందా?"

"కారలేదు. కాబట్టే నువ్వు ఈ ఇంటి కోడలివి." ఆడదాని గిన్నె వైపు గడ్డం ఎత్తింది. "అది సరే, దాని గిన్నె నిండా పెట్టావేం? కడుపు నిండినదానికి వాడు తెచ్చేది ఏం ఆనుతుంది? తీసెయ్ అది."

"తీసెయ్యకండి, సగం చేయండి" అంది డాక్టరమ్మ. "రోజూ దాని తూకం నేను చూస్తాను."

ఆ రోజు నుంచి అత్తే స్వయంగా పండ్లు ఏరేది. నలిగినది, మచ్చపడినది కోతుల గిన్నెలోకి పోయేది. గుండ్రంగా, గట్టిగా ఉన్నవి మగదానికి. సాయంత్రం బస్సులో కోడలు సీటు మీద కూర్చోకముందే అత్త అడిగేది, "ఇవాళ ఎలా ఉంది?" అని. ఆడది తొర్ర మీద వాలిందంటే కండక్టరు వినేటట్టు "అబ్బ!" అనేది. లోపలికి తల పెట్టి తీసేసిందంటే కిటికీ వైపు తిరిగి కూర్చునేది. నెలాఖరు దగ్గరపడింది. ఆడది మగది ఇచ్చినవన్నీ తింటోంది, పక్కనే కూర్చుంటోంది, తొర్ర చుట్టూ తిరుగుతోంది. లోపలికి మాత్రం పూర్తిగా వెళ్లడం లేదు.

వ్యాను ఉదయాన్నే వచ్చింది. డ్రైవరు వెనక తలుపు తీసి, ఆడదాని కోసం తెచ్చిన చెక్కపెట్టెకు కట్టిన తాళ్లు విప్పుతున్నాడు. పెద్దసారు, డాక్టరమ్మ అక్కడే ఉన్నారు. బస్సు దిగిన అత్తాకోడళ్లు దాన్ని చూశారు. గబగబా పంజరం వైపు నడిచారు. మిగతావాళ్లు వెనక వచ్చారు.

కొమ్మ మీద ఆడది లేదు. ఏ కొమ్మ మీదా లేదు.

కోడలు పంజరం వలకు చిరుగేదైనా పడిందేమోనని పైకి చూసింది. అప్పుడు మగది కింద మట్టి తొట్టె దగ్గర కనబడింది. తడిమట్టి ముద్ద ముక్కున కరుచుకుని ఎగిరి, తొర్ర అంచున వాలి, లోపలికి అందించింది. లోపలి నుంచి ముక్కు వచ్చి ముద్ద అందుకుంది. ఆ వెంటనే చప్పుడు మొదలైంది. గోడకు మట్టి మెత్తి చేత్తో కొట్టినట్టు, పట్‌పట్‌మని. నిన్న సాయంత్రం మనిషి తల పట్టేంత ఉన్న ద్వారం సగానికి పైగా మూసుకుపోయి ఉంది.

కోడలు అత్త చెయ్యి పట్టుకుంది. బెణికిన చెయ్యి. అత్త అబ్బా అనలేదు.

మగది ఈసారి గిన్నె దగ్గరకు వెళ్లింది. మేడిపండుతో తిరిగొచ్చి, మిగిలిన సందులో ముక్కు పెట్టింది. తీసేసరికి ముక్కున పండు లేదు.

పెద్దసారు వంగి పట్టా సందులోంచి చూస్తున్నాడు. నడుం నొప్పి పుట్టేంతసేపు చూశాడు. డ్రైవరు వెనక నుంచి గుసగుసగా అడిగాడు.

"సార్, పెట్టె దించమంటారా?"

"దించి ఏం చేస్తావు? నువ్వెక్కుతావా అందులో?" పెద్దసారు నిటారుగా లేచి కోడలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, అన్నంత పని చేశావు. వ్యాను వెనక్కి."

కోడలు నోరు తెరిచింది. అరుపు గొంతుదాకా వచ్చింది. డాక్టరమ్మ గభాల్న చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుంది. "ఇక్కడ కాదు, బెదిరిందంటే బయటికొచ్చేస్తుంది!"

అందరూ ఒకరి వెనక ఒకరు, మునివేళ్ల మీద, దారి వెంట నడిచారు. పెద్దసారు చెప్పులు చప్పుడవుతున్నాయని విప్పి చేత పట్టుకున్నాడు. వాళ్లు గేటు చేరేసరికి విజిలన్న వాళ్ల మొహాలు చూసి ఏమీ అడగకుండా గేటు బార్లా తీశాడు. రోడ్డు మీదికి వచ్చి, గేటు మూశాక, కోడలు అరిచింది. అత్త ఇంకా గట్టిగా అరిచింది. విజిలన్న చెంపలు ఉబ్బించి విజిల్ ఊదాడు. పెద్దసారు చెప్పులతోనే చప్పట్లు కొట్టాడు. బస్‌స్టాపులో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఖాళీ పెట్టెతో బయల్దేరిన డ్రైవరు సంగతేమిటో పూర్తిగా తెలియకపోయినా హారన్ మీద చెయ్యి పెట్టి, మలుపు తిరిగేదాకా తీయలేదు.