డిగ్రీ పేరులో ఎకనామిక్స్

మార్కాపురం బస్టాండులో దిగిన నాగవేణి తన ఊరు పెద్దారవీడుకు పోయే బస్సు ఎక్కలేదు. బ్యాగు భుజాన వేసుకుని, మండే ఎండలో మధుసూదన్ సార్ ఇంటికి నడిచింది.

ఆమె డిగ్రీ రెండో ఏడు పూర్తి చేసింది. ప్రధాన సబ్జెక్టు, అంటే మేజర్, ఎకనామిక్స్; దాని పక్కన చదివే మైనర్ టూరిజం. మధుసూదన్ ఆమెకు ఎకనామిక్స్ చెప్పే లెక్చరర్. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ పెట్టిన వేసవి శిక్షణకు వెళ్లి వస్తోంది. ఆమె పేరు పంపింది కూడా ఆయనే. అక్కడ మొదటి క్లాసులోనే ప్రొఫెసర్ బోర్డంతా గుర్తులతో నింపేశాడు. నాగవేణికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన కూర్చున్నది బీఎస్సీ మ్యాథ్స్ అమ్మాయి. ఎకనామిక్స్ పుస్తకం ఎన్నడూ తెరవలేదట. ఆమె మాత్రం చకచకా రాసుకుపోతోంది.

శిక్షణ ముగిసిన రోజు నాగవేణి ప్రొఫెసర్ దగ్గరకు వెళ్లి, ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేయాలంటే ఏం కావాలని అడిగింది.

"డిగ్రీ పేరు ఏదైనా పర్వాలేదమ్మా. ఏ మ్యాథ్స్ పేపర్లు చదివారన్నదే చూస్తాం. క్యాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. నీకు ఒక్కటీ లేదు కదా" అన్నాడాయన.

ఇంటర్‌లో ఆమెది ఎంపీసీ. మ్యాథ్స్ అంటే ప్రాణం. డిగ్రీలోనూ అదే తీసుకునేది, ఆ వేసవిలో మధుసూదన్ పెద్దారవీడుకు రాకపోయి ఉంటే. తండ్రి కృష్ణయ్యకు గొర్రెల మంద ఉంది. ఆ ఏడు వానల్లేక కాపర్లంతా ఒక్కసారే మందలను సంతకు తోలారు, ధర పాతాళానికి పడింది. ఎందుకట్ల పడిందని నాగవేణి అడిగితే మధుసూదన్ మంచం మీద ముందుకు జరిగి, "దీన్ని లెక్కగట్టి చూపించు, పీహెచ్‌డీ ఇచ్చి నిన్ను డాక్టరంటారు. కానీ డిగ్రీ కాగితం మీద ఎకనామిక్స్ అని ఉండాలమ్మా. లేకుంటే గడప తొక్కనీయరు" అన్నాడు. కాలేజీ సార్ తన ఇంట్లో మజ్జిగ తాగాడని కృష్ణయ్య వారం పాటు చెప్పుకున్నాడు.

ఆమె తలుపు కొట్టేసరికి మధుసూదన్ అన్నం తింటున్నాడు. ఆమెను చూసి నవ్వుతూ లేచాడు.

"వచ్చినావా! ఎట్ల జరిగింది?"

"మీకు తెలుసా సార్, మ్యాథ్స్ లేకుంటే నన్నెవరూ తీసుకోరని?"

ఆయన నవ్వు ఆగింది. "ఎవరన్నారు? నేను పీహెచ్‌డీ చెయ్యలేదా? నాకేం మ్యాథ్స్ ఉంది?"

"మీ కాలం వేరు. పేరులో ఎకనామిక్స్ ఉండాలన్నారు కదా, ఎవరినన్నా అడిగి చెప్పినారా? మైనరన్నా మ్యాథ్స్ ఇప్పియ్యమంటే టైం కుదరదని అందర్నీ టూరిజంలో వేసినారు. అప్పుడు కూడా ఏం కాదన్నారు!"

"గొంతు తగ్గించు నాగవేణీ."

"తగ్గించను సార్."

వంటగదిలోంచి ఆయన భార్య నాగలక్ష్మి వచ్చింది. భర్తను ఎవరైనా ఒక మాటంటే ఆమె తట్టుకోలేదు.

"ఏందమ్మా ఆ మాటలు? మీ కోసం సార్ ఎండల్లో ఊరూరూ తిరిగినాడు. ఆ ఏడు పిల్లలు చాలకుంటే ఎకనామిక్స్ సెక్షన్ ఎత్తేస్తామని మేనేజ్‌మెంట్ వాళ్లన్నారు. నీ ఒక్కదాని అడ్మిషన్‌తో నిలబడింది. నువ్వు చేరకపోయుంటే ఆయన ఉద్యోగం పోయేది, తెలుసా?"

మధుసూదన్ కళ్లు దించుకున్నాడు. ఏం మాట అనేసిందో నాగలక్ష్మికి అర్థం కాలేదు.

నాగవేణి బ్యాగు భుజానికి ఎగదోసుకుంది. ఆయనకు తెలియక చెప్పాడనే ఇంతసేపూ అనుకుంది.

"అందుకా మా ఇంటికి వచ్చింది?" అంది. "సార్ దేవుడని మా నాయన అందరికీ చెప్పుకున్నాడు. మీ సెక్షన్‌కు ఒక తల తక్కువైందని వచ్చినారా? గొర్రెను పట్టుకుపోయినట్టు పట్టుకుపోయినారే!"

గడప దాటి బయటికి నడిచింది. ఆయన పేరు పెట్టి పిలిచినా వెనక్కి తిరగలేదు.

ఇంటికి చేరి కృష్ణయ్యకు విషయం చెప్పింది. "పోనీలే తల్లీ, పెద్దాయన. ఆయన కడుపు కోసం ఆయన చెప్పుకున్నాడు" అన్నాడు.

"నువ్వు ఇట్ల పోనీలే అంటావనే నాయనా, వాళ్లు మన ఇళ్లకు వచ్చేది!" అని అరిచి, అరిచినందుకు ఏడ్చింది.

కాలేజీ తెరిచిన రోజే ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. మూడో ఏడులో మేజర్ మారదు, మైనర్ మారదు అన్నాడాయన. "ఆ పీహెచ్‌డీలు మనకెందుకమ్మా? బీఎడ్ చేసుకో" అని కూడా అన్నాడు.

"నేనేం చేసుకోవాలో అడగడానికి రాలేదు సార్. మార్కులు ఇయ్యకున్నా పర్లేదు, బీఎస్సీ ఫస్టియర్ మ్యాథ్స్ క్లాసులో కూర్చోనీయండి. బయటికి పంపితే మళ్లీ వస్తా. రోజూ వస్తా."

ఆమెతో పడలేక సరేనన్నాడు. ఆ క్లాసు, మధుసూదన్ క్లాసు ఒకే వేళకు వచ్చేవి. మరుసటి వారం మధుసూదన్ తన క్లాసును పొద్దున మొదటి గంటకు మార్చుకున్నాడు. ఎందుకన్నది ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. జూనియర్ల మధ్య వెనక బెంచీలో కూర్చుని లెక్కలు చేసింది. పరీక్ష పెట్టి మార్కులిచ్చే ఆన్‌లైన్ మ్యాథ్స్ కోర్సుల్లోనూ చేరి, ఒంగోలు వెళ్లి ఆ పరీక్షలు రాసింది. ఒక దాంట్లో తప్పింది, మళ్లీ రాసింది. మధుసూదన్ ఎదురుపడితే నమస్కారం పెట్టేది, అంతే.

మరుసటి వేసవిలో ఊళ్లోని పిచ్చయ్య ఇంటి ముందు మధుసూదన్ స్కూటర్ కనిపించింది. పిచ్చయ్య కూతురు వెన్నెల ఆ ఏడే ఇంటర్ పాసయింది. నాగవేణి నేరుగా లోపలికి వెళ్లింది.

"వెన్నెలా, నువ్వేం చదవాలనుకుంటున్నావో చెప్పినావా సార్‌కు?"

"ఎకనామిక్సక్కా. నీలాగే పీహెచ్‌డీ దాకా."

నాగవేణి ఆయన వైపు తిరిగింది. "చెప్పండి సార్. ఏం తీసుకోవాలి?"

మధుసూదన్ మొహం తుడుచుకున్నాడు. సెక్షన్‌కు ఆ ఏడూ పిల్లలు చాలలేదని నాగవేణికి తెలుసు. అయినా కదలకుండా నిలబడింది.

"మ్యాథ్స్ మేజర్ తీసుకోమ్మా. ఎకనామిక్స్ మైనర్ పెట్టుకో. మా కాలేజీలో అట్ల కుదరదు, గిద్దలూరులో కనుక్కో" అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

జూన్‌లో ఎకనామిక్స్ సెక్షన్ ఎత్తేశారు. మధుసూదన్‌ను తీసేయలేదు గానీ, జీతం తగ్గించి ఆఫీసులో కూర్చోబెట్టారు. ఆ మాట నాగవేణి చెవిన పడింది. అంతమంది పిల్లల చదువుకూ, ఒక మనిషి కూటికీ ఇట్లా ముడిపెట్టిన మేనేజ్‌మెంట్ మీద ఆమెకు మంట పుట్టింది. ఆయన మీది కోపం మాత్రం తగ్గలేదు. రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి.

హైదరాబాదు సంస్థలో, డిగ్రీ తర్వాత నేరుగా చేర్చుకునే పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మ్యాథ్స్ ఇంకా చాలదన్నారు. అదే సంస్థ ఎంఏలో సీటిచ్చింది. రెండేళ్లు ఎక్కువ పడుతుంది. కృష్ణయ్య ఆమెను రైలెక్కించడానికి మార్కాపురం రోడ్డు స్టేషన్‌కు వచ్చాడు.

"సార్‌కు చెప్పినావా తల్లీ?"

"లేదు నాయనా. నువ్వూ చెప్పొద్దు" అంది నాగవేణి, రైలు ఎక్కుతూ.